గింజ పుట్టని రోజు

కోతల సెప్టెంబరు.
కానోరా ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా
చూపు అలిసేదాకా గోధుమే.
దాని నడిమధ్య, మా వంటింట్లో మాత్రం
ఈరోజు గింజ పుట్టదు.

నిన్న రాత్రే అడిగింది దార్కా:
"ఒక్క రోజు. నాతో పాటు."
ఆమెకిది పదకొండో రోజు.
ఏడాదిగా తిన్నదల్లా మంటై కూర్చుంటుంటే
"భూమ్మీద నాకింకా నూకలున్నాయి మీకో,
కడుపులోనే వాటికి చోటు లేదు" అని నవ్వేది.
పది రోజులూ నా రొట్టె నాకు కోసిపెట్టి
తను కిటికీ వైపు తిరిగి తింది.
ఆ కిటికీలో కనిపించేదీ గోధుమే, పాపం.

పొద్దున రెండు గుడ్లు,
వేయించిన పంది మాంసం, చిలగడదుంప.
బాగానే ఉంది.
కానీ పళ్ళెంలో మిగిలిన పచ్చసొనని
దేంతో తుడుచుకోవాలో తెలీక
నా చెయ్యి కాసేపు గాల్లో ఆగిపోయింది.
రొట్టె అలవాటు నోటిదనుకున్నాను ఇన్నాళ్ళూ.
చేతిదట.
వేలితో తుడిచి నాకాను.
చూడనట్టు చూసింది.

ఎలివేటర్లో నా పని గింజ కొరకడం.
తేమ ఎంతో యంత్రం చెబుతుంది, కాదనను,
అయినా లారీ దిగిన రైతు నా పళ్ళ వంకే చూస్తాడు.
టక్కుమంటే ఆరినట్టు.
మెత్తగా దిగితే ఇంకా ఎండాలి.
ఈరోజు గింజ పెదవి దాకా వచ్చి ఆగింది.
"ఏం, పళ్ళు రాలాయా?" అన్నాడు ఓరెస్ట్.
"ఉపవాసం."
"ఏ పండక్కి?"
నీళ్ళు నమిలాను.
అవి నమలడానికి అనుమతుంది కదా.

మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే
క్యాబేజీ ఆకుల్లో చుట్టిన హొలుబ్సీలు.
మా నాయనమ్మ బియ్యం, మాంసం కలిపి చుట్టేది.
వీటిలో మాంసంతో పాటు
నలుసు నలుసుగా తురిమిన కాలీఫ్లవరు.
కంటికి అన్నమే.
నాలిక మీద పెడితే అన్నం వేషం కట్టిన కూర.
వేషం కుదిరింది గానీ
పద్యం రాలేదు.
మూడు తిన్నాను.
నాలుగోది, నన్ను నేనే చూడకుండా తిన్నాను.

సాయంత్రం ఇంటికి వస్తే
వంటింట్లో ముందే మంచు పడింది:
బల్ల మీద, నేల మీద, ఆమె కనుబొమల మీద
బాదం పిండి, కర్రపెండలం పిండి.
ఆ బాదం సంచీ ఖరీదుకి
ఎన్ని బస్తాల గోధుమ తూగుతుందో లెక్కేసి
నోరు మూసుకున్నాను.

మొదటి రొట్టె అసలు లేవలేదు, అలిగిన మనిషిలా.
రెండోది లేచి,
పొయ్యి తలుపు తీయగానే కూలబడింది.
మూడోది నిలబడింది.
దార్కా దాన్ని తిరగేసి, అడుగున వేలితో తట్టి
చెవి దగ్గర పెట్టుకుంది.
వాళ్ళమ్మ అలాగే వినేదట,
కాలిన రొట్టె ఖాళీ కుండలా మోగాలట.
ఇంకోసారి తట్టింది.
ఇంకోసారి.
"మూగది" అంది.

వెన్న రాసుకుని తిన్నాం.
అది రొట్టె కాదు.
కానీ పాడూ కాదు,
దానికి వేరే పేరేదైనా పెట్టి ఉంటే
ఇంకో ముక్క అడిగేవాణ్ణి.
చివరికి అడిగాను కూడా.
పదకొండు రోజుల్లో మొదటిసారి
కిటికీ వైపు కాకుండా నా వైపు తిరిగి తింది.

బూట్లు విప్పుతుంటే
ప్యాంటు మడతల్లోంచి జారాయి
ఏడో ఎనిమిదో గోధుమ గింజలు.
దొంగతనం చేసినవాడిలా కాలు అడ్డం పెట్టాను.
వంగి ఏరుకుంది ఒక్కొక్కటే.
పొద్దింకా పూర్తిగా వాలలేదు,
పెరట్లో కోళ్ళు గూటికి చేరలేదు.
రేపటి మూగరొట్టెకి ఆరు గుడ్లు కావాలి మరి.

గుమ్మం దగ్గర ఆగింది.
అరచేతిలో ఒక గింజ ఎంచి
పంటి కింద పెట్టింది.
టక్కు.
ఇద్దరం విన్నాం.
"ఆరింది" అంది,
ఉమ్మేసి,
మిగతావి కోళ్ళకి విసిరింది.