దారానికి కట్టిన పెన్సిలు

తార్తులో ఆ శీతాకాలం
భౌతికశాస్త్ర భవనం నేలమాళిగలో
నలభై మందికి ఒకటే యంత్రం.
పద్నాలుగు తెరలు, ఆకుపచ్చ అక్షరాలు,
రేడియేటరు మీద ఆరేసిన తడి చేతితొడుగులు.

అందరి తాళాలూ ఉర్వే దగ్గరే.
ఆ అధికారం పేరు రూట్.
రూట్ అంటే వేరు.
మట్టికింద అది ఏం తాగుతోందో
ఆకుకి ఎవరు చెబుతారు?

నా ఖాతాలో
లీనెకి రాసి పంపని ఉత్తరాలు పదకొండు.
ఓ రాత్రి డిస్కు నిండి యంత్రం మూలిగిందట.
తెల్లారేసరికి చోటు ఖాళీ.
మంచు దులుపుకోకుండానే వెళ్లి నిలదీశాను:
"నావి చూశావా? కంచే చేను మేస్తే..."

వాక్యం పూర్తి కానివ్వలేదు.
గోడ మేకుకి వేలాడే గీతల నోటుపుస్తకం
నా చేతిలో పెట్టింది.

"రాత్రి 2.40. రూట్ అయ్యాను.
తావెట్ ఫైళ్ల బరువు చూశాను. చిన్నవే.
పేర్లు కనబడ్డాయి. తెరవలేదు.
వాంబొలా నక్షత్రాల ఫొటోలు టేపుకెక్కించాను. అతనికి చెప్పాలి.
2.55. మళ్లీ మామూలు మనిషిని."

పేర్లు కనబడ్డాయి.
అదీ దాచలేదు.
నా చెవులు కాలాయి:
ఓ ఫైలు పేరు 'లీనె, ఇంకొక్కసారి'.

"అసలు నీకెందుకు ఆ అధికారం?
పీకి పారేయొచ్చుగా?"
"వాంబొలా ఒక్కడే డిస్కంతా పరుచుకుంటే
నీ ఉత్తరాలు ఎక్కడ రాస్తావ్?"

టీ చల్లారిపోయింది. అప్పుడంది:
"ఇదే మెట్ల కింద జిరాక్సు గదికి ఇనుప తలుపుండేది.
నా టైపురైటరు అక్షరాల నమూనా
వాళ్ల బీరువాలో ఉండేది.
నా 'కె' కాస్త పైకెగిరేది.
అది నాకంటే ముందు వాళ్లకి తెలుసు.
వాళ్లు చూసిందేదీ
నాకు కనబడేలా ఎక్కడా రాయలేదు."

ఇప్పుడు రూట్ నేను.
ఇది ఏడో నోటుపుస్తకం.
యంత్రం నేలమాళిగలో లేదు,
మేకు మాత్రం అదే.

పోయిన వారం ఉర్వే వచ్చింది,
తన బంగాళాదుంప విత్తనాల జాబితా అచ్చు తీసుకోడానికి.
పాత అలవాటున వేళ్లు ఏదో కొట్టాయి.
'మీకు అనుమతి లేదు' అంది తెర.
కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి
పకపకా నవ్వింది.

వెళ్తూ వెళ్తూ గోడ దగ్గర ఆగింది.
పేజీ తిప్పింది.
మంగళవారం నేను రూట్ అయ్యాను.
రాయలేదు.
రెండే నిమిషాలు కదా అని.

ఏమీ అనలేదు.
సంచిలోంచి చాకు తీసి
మొద్దుబారిన పెన్సిలు చెక్కి,
దారానికి మళ్లీ వేలాడదీసింది.