కొండ కింద కొట్టు

సాబుక్ స్టేషన్ ముందు
మాల్‌సున్ లాటరీ కొట్టు.

గని నడిచిన రోజుల్లో
జీతాల నాడు బొగ్గు వేళ్లు
టికెట్ల మీద ముద్రలేసేవి.
"రాత్రి కల్లో పంది కనబడిందమ్మా, ఒకటివ్వు!"
వెయ్యి వన్లకి వారమంతా ఆశ.
చవకే.

గని మూసి, కొండ మీద కాసినో తెరిచారు.
పర్యాటకులొస్తారన్నారు.
వచ్చారు, అబద్ధమేం కాదు.
కొండా చూడరు, మంచూ చూడరు.
తాకట్టు కొట్ల వెనక వాళ్ల కార్లు
మంచు కప్పుకుని నిద్రపోతాయి.
వాళ్లు పోరు.

నిద్రే లేనివాడికి
కల్లోకి పంది ఎలా వస్తుంది?

అద్దం వెనక టికెట్లు రంగు వెలుస్తున్నాయి.
తెల్లారగట్ల ఎవడో ఒకడు తల దించుకుని
బస్సు ఛార్జీ అడుగుతాడు.
గల్లాపెట్టె మీద చెయ్యి తియ్యకుండా
మాల్‌సున్ అడిగేది ఒకటే:

"ఇంటికేనా? మళ్లీ పైకా?"