ముప్పై ఎనిమిది ఖాళీ గళ్ళు

అనంతపురం కలెక్టరాఫీసు వెనక మేడమీది గదిలో
ఒక ఫ్యాను, రెండు కంప్యూటర్లు,
ముప్పై ఏళ్ల వానలు.
వానలంటే తడి అనుకునేరు,
అన్నీ అంకెలే.
ఊరికో వరుస, రోజుకో గడి.
అన్నీ కలిపినా పెన్‌డ్రైవులో ఓ మూల నిండవు.

మార్చి దాకా కాంట్రాక్టు నాది.
వానల్ని బొమ్మ చెయ్యాల,
జనం ఫోన్లో వేలు పెడితే
వాళ్ల ఊరు రంగు మారాల.
తక్కువ వానకు ఎరుపు, ఎక్కువ వానకు నీలం.
మొదటిసారి మ్యాపు తెరిచిన రోజు
శ్రీకంఠయ్య సారు అద్దాలు తుడుచుకున్నాడు.
"నీలం ఏదమ్మా?"
"ఉంది సార్, జూమ్ చెయ్యాల."

నేను కోచింగులో చేరినప్పుడు పైథాన్ కొత్త,
నేర్చుకునేసరికి ఇంకోటి కొత్త.
ఉద్యోగ ప్రకటనల్లో ఇప్పుడడిగేవి
నిరుడు విన్న పేర్లు కావు.
ఫర్జానా బెంగళూరు నించి ఫోన్ చేసి అంటాది:
"నోటితో అడిగితే చాలు, గీత అదే గీసిస్తాది.
నువ్వింకా గడి గడీ చూస్తాండావా?"
చూస్తాండా.
చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరే మా జేజి చూపు
నాకు జీతమొచ్చే పనయింది.

రాళ్ల లాగే దొరికినాయి.
నల్లగుట్టపల్లె, ఆ కరువేడు,
జులై ఆఖరు నించి సెప్టెంబరు మొదలు దాకా
ముప్పై ఎనిమిది గళ్ళు
ఖాళీ.
సున్నా అంటే
ఎవరో పొద్దున్నే లేచి, డబ్బా మూత తీసి,
లోపలికి తొంగిచూసి,
ఏమీ లేదని రాసినట్టు.
ఖాళీ అంటే?

సాఫ్ట్‌వేరుకు దయ ఎక్కువ.
ఒక్క మాట రాస్తే
చుట్టుపక్కల ఊళ్ల సగటు తెచ్చి
ఒక్కో గడిలో ఇంతింత పోసింది.
ఎన్నడూ కురవని వాన
రోజుకు ఒకటీ పాయింట్ నాలుగు మిల్లీమీటర్ల లెక్కన
నల్లగుట్టపల్లె మీద
ముప్పై ఎనిమిది రోజులు కురిసింది.
గీత ఎంత నున్నగా ఉందో!
నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం కళ్యాణదుర్గం బస్సెక్కినా.
అప్పట్లో వాన కొలిచిన తలారి మారెన్న
దొడ్లో మేకకు తుమ్మకాయలేస్తా ఉన్నాడు.
తారీఖులు చెప్పినా, కాగితం చూపించినా.
చానాసేపు చూసి నవ్వినాడు.

"ఏడు నెల్లు జీతం రాల్యా పాపా.
సున్నా, సున్నా, సున్నా రాసి రాసి
నిద్దట్లో గూడా వేలు గుండ్రంగా తిరిగేది.
ఒగ దినం సగం ఊరితో పాటు లారీ ఎక్కితి.
బెంగళూర్లో బేల్దారి పని, ఏడో అంతస్తు మింద.
ఆడ పడింది సూడు వాన!
బస్తా దించి, తలకాయ పైకెత్తి నిలబడితి.
మేస్త్రీ తిట్టె.
కొలజాడీ ఉంటే లెక్క సెప్పేవాణ్ణి,
మూడంగుళాలకు తక్కువుండదు."

వాకిలి దాకా వచ్చి అడిగినాడు:
"ఇప్పుడెవరు కొలుస్తాండారు?"
"మిషను."
"దానికి నెల నెలా ఇస్తాండారా?"

సోమవారం సగటును చెరిపేసినా.
గీత ఒకచోట తెగి,
ముప్పై ఎనిమిది రోజుల అవతల మళ్లీ లేచింది.
"ఇదేందమ్మా, పంటి సందు మాదిరి? కలిపెయ్,
పై సార్లు చూస్తారు."
కలపనని అనలేదు. సరే సార్ అన్నా.
కలపలేదు.
ఆ సందులో బూడిదరంగు పూసి,
పక్కన ఎనిమిదో సైజు అక్షరాల్లో రాసినా:
వాన వివరం లేదు. కొలిచే మనిషి వలస పోయినాడు.

నా కాంట్రాక్టు పొడిగింపు ఫైలు
ఏ టేబుల్ మీదుందో తెలీదు.
ఫర్జానా వాళ్ల కంపెనీ పరీక్ష పంపింది.
మొదటి ప్రశ్న: డేటాలో ఖాళీలుంటే ఏం చేస్తారు?
కింద నాలుగు జవాబులు.
బస్సెక్కిపోయి అడుగుతామన్నది
వాటిలో లేదు.