రెండో హెల్మెట్

ఈ రెండో హెల్మెట్ పైడితల్లిది.
పెళ్లయిన ఏడాది కంచరపాలెం మెట్టు దగ్గర
గంటసేపు బేరమాడి కొన్నాను.
ఎర్రరంగు. ఆదివారాలు రుషికొండ దాకా వెళ్లి రావడానికి.
ఇప్పుడది ఊరందరిదీ.

కాంట్రాక్టరు గేటు పాసు మళ్లీ రాయలేదు.
"పిలుస్తాం లే" అన్నాడు.
కోక్ ఓవెన్ల దగ్గర తొమ్మిదేళ్లు కాగిన ఒళ్లు,
మే నెల ఎన్ఏడీ జంక్షన్ ఒక లెక్కా అనుకున్నాను.
లెక్కే.
ఎండ కాదు, ఎదురుచూపు కాలుస్తుంది.
ఫ్లైఓవర్ నీడ జరిగినకొద్దీ బండ్లు జరుపుకుంటూ
పదకొండు మందిమి, పదకొండు ఫోన్లు.
ఒకడు ఎంబీయే. ఒకడు గోడలకు రంగులేసేవాడు.
జాలారిపేట ఎర్రయ్యకి ఇవి వేట నిషేధం రోజులు:
"సముద్రానికి తాళవేసినారు,
రోడ్డు తెరిసే ఉంది గదేటి" అని నవ్వుతాడు.
ఎవరి ఫోను మోగినా
పదకొండు చేతులూ జేబుల్లోకి పోతాయి.

ఎక్కేవాళ్లు నాలుగంకెలు చెబుతారు. పేరు చెప్పరు.
ఆ నాలుగంకెల నమ్మకం మీద
ఒక మనిషి నా వెనక కూర్చుంటారు.
గుంత వచ్చినప్పుడు భుజం పట్టుకుంటారు.
గుంత దాటగానే చెయ్యి తీసేస్తారు,
చేబదులు తీర్చేసినట్టు.

షేర్ ఆటో రామునాయుడు నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవాడు.
ముగ్గురి సీట్లో అయిదుగురిని
"కాస్త సర్దుకోండమ్మా" అని సర్ది
ఇద్దరు కూతుళ్లను చదివించిన మనిషి.
"నా కంచంలోది నువ్వు లాగీసుకుంటన్నావు,
నీ కంచంలోది ఆ ఫోను లాగీసుకుంటంది" అన్నాడొకసారి.
ఆ వారమే షీలానగర్ దగ్గర నాకు పెట్రోలైపోయింది.
ఆటో ఆపాడు. ఏమీ అనలేదు.
కాలు చాచి, నా బండి వెనక్కి ఆనించి,
అయిదుగురు తొంగి తొంగి చూస్తుండగా
బంకు దాకా తోసుకొచ్చాడు.
ఆ రైడు ఏ లెక్కలోనూ పడలేదు.

రాత్రిళ్లు హెల్మెట్ లోపలి మెత్త విప్పి
సర్ఫు నీళ్లలో నానబెడుతుంది పైడితల్లి.
ముందు వాసన చూస్తుంది.
"ఇయ్యాల కేజీహెచ్ కెల్లినావు. ఫినాయిలు."
"ఎవులో సంపెంగ నూనె రాసుకున్నారు. డబ్బున్నోలు."
"ఎండుచేప. పూర్ణా మార్కెట్టు, కాదేటి?"
అంట్లు తోమిన చేతులతోనే
ఊరంతా తిరిగొస్తుంది.

మొన్న మాత్రం చాలాసేపు పట్టుకుని నిలబడిపోయింది.
"సెమట కాదిది" అంది.
"చెంపల కాడే తడిసింది.
ఎవరెక్కినారు?"

గుర్తు చేసుకున్నాను.
గాజువాక నుంచి డాబాగార్డెన్స్. నూట పన్నెండు రూపాయలు,
కోత పోను నా వాటా డెబ్బై తొమ్మిది.
పమిట చాటున ఒక గుడ్డసంచి,
దారి పొడుగునా రెండు చేతులూ దాని మీదే.
ఆమె గుంతల్లో కూడా నా భుజం పట్టుకోలేదు.
బంగారం మీద అప్పులిచ్చే కొట్టు ముందు దిగింది.
హెల్మెట్ తియ్యడానికి చాలాసేపు పట్టింది.
కొక్కెం బిగుసుకుందేమో అనుకున్నాను.
"అయిదు చుక్కలు నొక్కండమ్మా" అన్నాను.
నవ్వుతూనే అన్నాను.

పైడితల్లి ఆ పూట సర్ఫు వెయ్యలేదు.
ఉత్త నీళ్లలో జాడించి,
పిండకుండా కిటికీ ఊచకి తగిలించింది.
సముద్రపు గాలి కదా మా ఊరిది,
తడిని ఒక పట్టాన పోనివ్వదు.

తెల్లారి మొదటి రైడు కూర్మన్నపాలెం.
ఇస్త్రీ చొక్కా కుర్రాడు, చేతిలో ఫైలు.
హెల్మెట్ పెట్టుకుని అన్నాడు:
"అన్నా, లోపల చల్లగా ఉంది."

"ఉతికాం తమ్ముడూ" అన్నాను.
"నంబరు చెప్పు."