ఇరవై మిల్లీమీటర్లు

పుదుపేటలో ఏకాంబరం షెడ్డుకి బోర్డు లేదు.
వేలాడే పాత సైలెన్సర్ల కింద
అందరూ తల వంచుకుని లోపలికెళ్ళాలి.
నాకా అవసరం రాలేదు.

"ఎంత దించాల మా?" అన్నాడు
చేతులు కిరోసిన్‌లో కడుక్కుంటూ.
నాకు అంకె తెలుసు.
ఎముకల డాక్టరు ఎక్స్‌రే మీద పెన్సిలుతో గీసి చెప్పింది:
ఎడమ తొడ, ఇరవై మిల్లీమీటర్లు తక్కువ.

బండి మీంచి పడలేదు నేను.
ఆఫీసు మెట్ల మీద, చేతిలో టీ కప్పుతో పడ్డాను.
ఆ కథ ఎవరికీ ఆనదు.
అందరూ బండినే అనుమానిస్తారు.

సిగ్నల్ దగ్గర ఆనించాల్సింది ఎడమ కాలే కదా.
కుడిది బ్రేకు మీద ఉండాలి.
నాలుగు నెలలుగా వేళ్ళ కొసలతో
నూట అరవై కిలోలు మోస్తున్నాను,
పక్క ఆటో అతను నాకోసం ఊపిరి బిగబడుతుంటే.

"కూర్చో మా. బిగుసుకోవద్దు.
దినామూ ఎంత బరువో అంతే బరువుగా కూర్చో."
ఇంటావిడ కుట్టుమిషను సొరుగులోంచి తెచ్చిన
దర్జీ టేపుతో వెనక ఇరుసు నుంచి సీటు కింది బోల్టు దాకా కొలిచి
గోడ మీద బొగ్గుతో రాశాడు,
ఎవరిదో ఫోన్ నంబరు పక్కన.

వెనక చక్రానికీ స్ప్రింగుకీ నడుమ
ఒక ఇనుప లంకె ఉంది.
కుక్క ఎముక అంటారట.
ఆ ఎముక పొడుగైతే బండి పొట్టిదవుతుందట.
రెండుసార్లు అడిగాను, సరిగ్గానే విన్నానా అని.
మూడోసారి అతనే వేలితో ఆడించి చూపించాడు.

కొత్త ఎముక వేయించుకుని
కూవం వంతెన దాటి ఒక చుట్టు తిరిగొచ్చాను.
పాదం ఆనింది. సగం పాదం.
కానీ మలుపులో ముందు చక్రం నా మాట వినలేదు,
హ్యాండిల్ చేతిలో తేలిపోయింది,
నేను ఎడమంటే అది కాసేపు ఆలోచించింది.

ఏకాంబరం నవ్వాడు.
"ఎనక కూలబడితే ముందర మొగం ఎత్తతాది మా,
మోడాలు చూసుకుంటా పోతాది.
ఒగదాన్నే దించితే అది బండి కాదు, పడకకుర్చీ."

ఇంజను కింద జాకీ పెట్టి బిగింపు బోల్టులు వదిలాడు.
ఫోర్కు గొట్టాలు పై పళ్ళెంలోంచి
కొద్దికొద్దిగా తలలెత్తాయి.
గొట్టం మీద అప్పుడు కనబడింది
గులాబీ రంగు గోళ్ళరంగుతో పెట్టిన చిన్న గీత.
నాకు బండి అమ్మినవాడు ఆరడుగులవాడు.
ఆ గీత అతనిది కాదు.
అంతకు ముందు ఎవరో
ఇక్కడిదాకా దించుకుని, తర్వాత వెళ్ళిపోయారు.
ఏకాంబరం ఆ గీత దగ్గరే ఆపాడు.
టేపు తీయలేదు.

దించాక స్టాండు వేశాను.
బండి వాలలేదు. నిటారుగా నిలబడింది,
పోలీసు పరేడులోలాగా.
మరుక్షణం కుడివైపుకి ఒరిగింది.
అతని మోకాలు అడ్డుపడకపోతే
అద్దం పోయేది.

"మిగతాది దిగింది, దీని కాలు దిగలే."
స్టాండు విప్పి, కొలిచి,
రంపంతో కోసి, మళ్ళీ అతికాడు.
నిప్పురవ్వలు చూడొద్దన్నాడు. చూశాను.

స్టాండు ఎడమవైపే ఉంటుంది.
అతను దాని గురించి ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.
కోసిన ముక్క బల్ల కిందికి దొర్లిపోతే
వంగి తీసి జేబులో వేసుకున్నాను.
ఇంకా వేడిగా ఉంది.

ఎగ్మూరు సిగ్నల్ దగ్గర
ఎర్రదీపం తొంభై సెకన్లు.
ఎడమ పాదం పూర్తిగా, మడమతో సహా,
రోడ్డు మీద పెట్టాను.
తారు మెత్తగా ఉంది ఎండకి.
చెప్పు అచ్చు పడింది.

ఇంటి సందు మొదట్లో స్పీడ్ బ్రేకర్ మీద
బండి పొట్ట గీరుకుంది.
గీరుకుంటుందని చెప్పే పంపాడు ఏకాంబరం.
అక్టోబరులో నీళ్ళు నిలిస్తే
సైలెన్సర్‌లోకి పోతాయని కూడా.
అప్పుడు రమ్మన్నాడు,
ఐదు మిల్లీమీటర్లు పైకెత్తుతాడట.