తోకదీపం

థార్న్‌గిల్ జంక్షన్‌లో దీపాలగది గుమ్మం కురచ.
వంగకపోతే నుదురు బొప్పి కట్టేది.
నాకప్పుడు పధ్నాలుగేళ్ళు, నా ఎత్తుకి ఆ భయం లేదు.
జేబెజ్ ఓరెల్ మాత్రం
ఇరవై రెండేళ్ళు ఇంజను నడిపిన మనిషి,
పొద్దుటా సాయంత్రం వంగేవాడు.

ఒత్తి మూలలు రవ్వంత గుండ్రంగా కత్తిరించాలన్నాడు.
లేకపోతే మంటకి కొమ్ములొస్తాయి.
కొమ్ములొస్తే మసి.
మసి పట్టిన ఎరుపుని చీకటి తన ఖాతాలో రాసుకుంటుంది.

సిగ్నలు ఆకుపచ్చకి పెట్టేది నీలిగాజని అక్కడే తెలిసింది నాకు.
లోపలి నూనె మంట పసుపు గదా,
నీలంలోంచి దూరి అవతల తేలేసరికి
ఆకుపచ్చయి కూర్చుంటుంది.
"చూశావా, రంగు దగ్గర కంపెనీ కూడా బొంకుతుంది,"
అని నవ్వాడు ఓరెల్.
ఆ నవ్వెందుకో అప్పుడు తెలియలేదు.

ఒక మంగళవారం డాక్టరొచ్చాడట.
బల్లమీద ఉన్ని చిలపలు పరిచి
ఈ లేతాకుపచ్చకి జోడీలు ఏరమన్నాడట.
ఓరెల్ ఏరినవి:
బూడిద, ఎండుగడ్డి, ఇటుకపొడి, ఒక గులాబి.
డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట,
తప్పు తన అద్దాలదేమోనని.

"మరి అన్నేళ్ళూ ఎలా?"
"పగలు చెయ్యి చూసేవాణ్ణి, ఎత్తిందా వాలిందా అని.
రాత్రి పక్కనున్న ఫైర్‌మన్‌తో అనేవాణ్ణి,
కాస్త చూడు బాబూ, కంట్లో నలక పడిందీ అని."
ఇరవై రెండేళ్ళ నలక.

ఇంజను ముందు దీపాలంటే ఆయనకి ప్రాణం.
అన్నీ తెలుపే. ఎక్కడ వెలిగిందన్నదే మాట.
పొగగొట్టం మొదట్లో ఒకటి: ఊరూరా ఆగే పాసింజరు.
బఫర్ల మీద చెరొకటి: ఎక్స్‌ప్రెస్.
పట్టాలు తప్పిన బండి కోసం క్రేన్ తీసుకెళ్ళేదానికీ అవే రెండు.
పెళ్ళికి పోయేవాడికీ శవాలెత్తేవాడికీ
ఒకే తొందర అనేవాడు.

ఫిబ్రవరి, మంచు.
సున్నపురాయి గూడ్సు సొరంగంలోంచి వచ్చి
మమ్మల్ని దాటి వెళ్ళింది.
నేను చేతులూదుకుంటున్నాను.
ఓరెల్ చివరి వ్యాగన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.
తర్వాత పరుగు.
యాభై ఆరేళ్ళ మనిషి, మంచు పేరుకున్న మెట్లమీద,
ఒక చేతిలో నూనెడబ్బా, పారెయ్యడం మరిచి.

క్యాబిన్ అద్దాలకి ఆవిరి.
సిగ్నల్‌మన్ సైలస్ డెంట్ వేలు మీట మీదే ఉంది.
రెండు, ఆగి, ఒకటి కొడితే
వెనకవాళ్ళకి బండి దాటిందనీ దారి ఖాళీ అనీ అర్థం.
ఖాళీ అయితే వెనకున్న మెయిలు వదులుతారు.

"తోకదీపం లేదు!"
"ఎరుపు నీకెలా తెలుస్తుందయ్యా?"
"ఎరుపు తెలియదు.
లేకపోవడం తెలుసు."

డెంట్ వేలు మారింది.
వెనక్కి నాలుగు, ఆగి, అయిదు.
ముందుకి తొమ్మిది.
ఆ తొమ్మిదిని నేను మెట్లకింద నిలబడి లెక్కపెట్టాను.

సొరంగంలో, కొంకీ తెగి విడిపోయిన
పదకొండు వ్యాగన్లు దొరికాయి.
వాటి వెనక గార్డు, గార్డు టీ,
ఎవరికోసమో శ్రద్ధగా వెలుగుతున్న తోకదీపం.

విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు కాగితంలో
ఒక గడి ఉంది: కనపడని దీపపు రంగు.
ఓరెల్ కలం నాకిచ్చాడు.
ఎరుపు అని రాశాను, గుండ్రటి అక్షరాలతో.

ఆ రాత్రి ఒత్తులు కత్తిరిస్తూ అడిగాడు,
"ఎలా ఉంటుందిరా అది?"
ఏం చెప్పాలో తోచక
చలికి వాచిన నా వేలికణుపులు దీపం దగ్గర పెట్టాను.
చాలాసేపు చూశాడు.
"నాకు గడ్డిలా ఉన్నాయి," అన్నాడు,
"మంటగా ఉన్నాయా?"
ఉన్నాయన్నాను.
కీళ్ళకి రాసుకునే తన కొవ్వు డబ్బా నావైపు తోసి
మళ్ళీ కత్తెర అందుకున్నాడు.