పద్నాలుగో నంబరు చెంచా

హాలె నగరంలో ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు
వంటిల్లు కూడా విప్పుకుని పోతారు.
సింకు ఉండాల్సిన చోట నోళ్ళు తెరిచిన రెండు గొట్టాలు,
బల్బు ఉండాల్సిన చోట మూడు తీగలు,
ఎవరో మాట మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు.

నవంబరు. నాలుగున్నరకే చీకటి.
నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు.
ఫెన్యా ముందు ఎక్కేసింది,
వెనకాల రొప్పుతూ నేను, చంకలో జాబితా.

జాబితాలు రాయడం నా ఉద్యోగం.
పద్దెనిమిది నిండి పిల్లల హోమ్ వదిలే ప్రతి ఒక్కరికీ
ఇల్లు నింపుకోడానికని మా ఆఫీసు డబ్బిస్తుంది, ఒక్కసారే.
మంచం ఒకటి. పరుపు ఒకటి. దిండు ఒకటి.
బల్ల ఒకటి. కుర్చీ ఒకటి.
మూకుడు ఒకటి, మూత ఉంటే మంచిది.
ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.
ఒకటి అనే మాట ఇన్నిసార్లు రాశానని
ఆ చీకట్లో పైకి చదివితే గానీ తెలియలేదు నాకు.

లెనార్ట్ అని ఒక కుర్రాడుండేవాడు.
ఇచ్చిన డబ్బంతా టీవీకి పోసి
ఏడాది పాటు నేల మీద పడుకున్నాడు.
బాధ్యత తెలియదు, అని రాశాను వాడి ఫైల్లో.
వాడికి ముందు కావాల్సింది
ఇంట్లో మాట్లాడే గొంతేమో. అడగలేదు.

"బల్బు లేదు" అంది ఫెన్యా.
నిజమే. జాబితాలో బల్బు లేదు.
ఉప్పు లేదు. సుత్తి లేదు, మేకు లేదు.
మసిగుడ్డ లేదు.
పాతదంటూ ఏదీ లేని ఇంట్లో
మసిగుడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది?

బోర్లించిన బక్కెట్టు చూపించి నన్ను కూర్చోమంది.
ఫోను వెలుగు గోడకానించి సంచీ విప్పింది.
తూకానికి కొన్న పళ్ళాలు, ఏ రెంటికీ పొత్తు కుదరనివి.
ఎవరి కిటికీ కొలతకో కుట్టిన పరదాలు, జానెడు పొట్టి.
అడుగున, ఒంటి సాక్సులో చుట్టి, ఒక చెంచా.
కాడ మీద గీకిన అంకె: 14.
హోమ్‌లో తువ్వాలు 14, గ్లాసు 14, చెప్పుల అర 14.
తనకి ముందు ఆ పద్నాలుగు ఎవరో,
ఈపాటికి ఎవరో.
"దొంగిలించాను" అంది. "రాసుకోండి."
రాసుకోలేదు.
చెంచా ఒకటి, అన్నచోట టిక్కు పెట్టాను.

తర్వాత తలుపు దగ్గరకెళ్ళి
తాళం వేసింది, తీసింది.
వేసింది, తీసింది,
ఆ చప్పుడు రుచి చూస్తున్నట్టు కళ్ళు మూసుకుని.
హోమ్‌లో గదులకి లోపలి గడియ ఉండదు.
నేనూ తెరిచాను ఆ తలుపుల్ని, ఫైలు చేత్తో పట్టుకుని.
తెరిచాక తట్టేదాన్ని, మర్యాదకి.

"మీరొకసారి కిందికెళ్ళి బెల్లు కొడతారా?"
"ఎందుకు?"
"మోగుతుందో లేదో తెలియాలి కదా."

నాలుగంతస్తులు. మోకాళ్ళు నావి, ఆఫీసువి కావు.
కింద బోర్డు మీద ఇరవై నాలుగు పేర్లు.
ఒకచోట, గాయానికి అంటించే ప్లాస్టరు ముక్క మీద
బాల్‌పెన్ను అక్షరాలు: ఫె. ట్యూబ్నర్.
ఎప్పుడు అంటించిందో.

నొక్కాను.
పై కిటికీలో ఫోను వెలుగు కదిలింది, ఆగింది.
తలుపు తెరుచుకోలేదు.
మళ్ళీ నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
ట్రాము ఒకటి వచ్చి, ఎవర్నీ దింపకుండా పోయింది.
చెవులు మొద్దుబారాయి.
అప్పుడు గరగరమంటూ, ఆ చిన్న జల్లెడలోంచి
ఏ తొందరా లేని గొంతు:
"ఎవరు?"

ఆరేళ్ళుగా నన్ను ఎరిగిన పిల్ల.
గొంతు సవరించుకుని
నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా.

ఆలోచించుకుంటోంది.